గంటంబావు దూరం

లిఫ్టుల వర్క్‌షాపు,
మధ్యాహ్నం

చెల్లెమ్మా,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. బావ ఎత్తుతారు గానీ "ఆఁ", "ఊఁ", "పడుకుంది" తప్ప నాలుగో మాట రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. బుడ్డి పెట్టిన అలవాటు పుణ్యమా అని పోస్టాఫీసు దారి నాకింకా గుర్తుంది.

మీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటిచ్చారు. మన రెండు ఊళ్ళ మధ్య విమానానికి గంటంబావు. అదేం ప్రయాణమే? పదకొండేళ్ళ మేనకోడల్ని కాటికి సాగనంపి వస్తున్నవాడికి గంటంబావు ఏ మూలకి? ఏడుపు గొంతు దాకా వచ్చిందో లేదో, దిగుతున్నాం, సీట్లు నిటారుగా పెట్టుకోండి అన్నారు. రైలైతే ఒక రాత్రీ ఒక పగలూ ఉండేది. పై బెర్తు మీద దుప్పటి ముసుగేసుకుని తనివితీరా ఏడ్చేవాణ్ణి. ఇక్కడ దిగి బ్యాగు కోసం నిలబడితే, ఎక్కడినుంచి వచ్చానో నాకే నమ్మకం కుదరలేదు.

మర్నాడే పనిలోకి వెళ్ళాను. ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఇరుక్కుంది. లోపల ఒక పెద్దావిడ. "ఎంతసేపు పడుతుంది బాబూ?" అంది. "ఐదు నిమిషాలమ్మా" అన్నాను. గంట పట్టినా ఐదు నిమిషాలనే చెప్పాలి, అది మా వృత్తిధర్మం. నిజం చెబితే లోపలున్నవాళ్ళకి ఊపిరాడదు. ఆవిడ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని "నీకు పిల్లలెందరు?" అని అడిగింది. లేరని చెప్పడానికి ఎప్పుడూ లేనంత కష్టమైంది.

సరే, అసలు సంగతి. బాల్కనీలో మసిగుడ్డ ఎలా ఉంది? బుడ్డి సెలవులకి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ నా పావురాల్లో ఒకదాన్ని బుట్టలో పెట్టుకుపోవడం, ఒక ఆదివారం పొద్దున్నే మీ బాల్కనీలోంచి వదలడం, నేనిక్కడ డాబా మీద మెడ నొప్పెట్టేదాకా ఆకాశం చూడటం నీకు తెలిసిందే. వదిలిన టైము తను రాయాలి, చేరిన టైము నేను రాయాలి. ఫోనులో చెప్పకూడదు, ఉత్తరాలు రెండూ దారిలో ఎదురుపడాలి. ఆ చట్టం చేసింది నీ కూతురే. ఆ తర్వాత దూరాన్ని టైముతో భాగించి, పావురం కష్టపడిందో దారిలో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుందో తేల్చేది. "విమానానికీ పావురానికీ ఒకటే దారి మావయ్యా, పాపం రైలే చుట్టూ తిరుగుతుంది" అనేది. మసిగుడ్డని వదిలే ఆదివారం రాకముందే జ్వరం వచ్చింది.

వదిలెయ్యవే దాన్ని. ఇంకా ఎక్కువ రోజులు ఉంచితే దారి మర్చిపోతుంది. నువ్వు తిను. వదిన మరీమరీ రాయమంది.

అన్నయ్య

*

పళ్ళ ల్యాబు,
భోజనాల బల్ల

అన్నయ్యా,

నీ పావురానికేం, దివ్యంగా ఉంది. ఆ మసిగుడ్డ అనే పేరు నేనే పెట్టాను, ఒళ్ళంతా ఆ రంగు చూసి. తిట్టాననుకున్నాను. బుడ్డి దాన్నే ముద్దుపేరు చేసేసింది.

నేనూ పనిలోకి వచ్చేశాను. ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నాయి. మొన్న ఒక పెద్దాయన కట్టుడు పళ్ళకి మైనంలో పైవరస పేరుస్తున్నాను. సూపర్‌వైజరు వచ్చి చూసి, "ఈయన ముందుపళ్ళ మధ్య సందెందుకు పెట్టారమ్మా?" అన్నాడు. చూస్తే నిజంగానే పెట్టాను. బుడ్డికుండే సందు. నా చేతులు నన్నడక్కుండా పెట్టేశాయి. మైనం కరిగించి మళ్ళీ పేర్చాను. బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

ఇంకోసారి ఆ గంటంబావు మాట రాయకు. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నాం. వారం వారం ఫోను చేసి "నువ్వు ఊఁ అను, గంటంబావులో వచ్చి వాలిపోతా" అన్నావు. నేను ఊఁ అనలేదు. అంటే బుడ్డికి ఒంట్లో బాగా లేదని ఒప్పుకున్నట్టవుతుందని భయం. నువ్వు ఆ ఊఁ కోసం కూర్చున్నావు. చివరికి అన్నాను. వాలావు. అప్పటికి ఆ మంచం మీద దుప్పటి కూడా మార్చేశారు. రైలు తప్ప దిక్కులేని రోజులైతే మొదటి వారంలోనే బయలుదేరేవాడివి, అవునా కాదా?

మసిగుడ్డని వదలను. పొద్దున్నే అది కూస్తుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. మీ బావ బాల్కనీ తలుపు వైపే వెళ్ళరు. మందుల షాపు తెరుస్తారు, మూస్తారు, వస్తారు. గింజలు వేసేదాన్ని నేనే.

చెల్లి

*

డాబా మీద,
గూళ్ళ పక్కన

చెల్లెమ్మా,

అవును. నువ్వు రాసినదానిలో ఒక్క అక్షరం కాదనను. దగ్గరే కదా, ఎప్పుడైనా పోవచ్చు అనుకున్నాను. నీ ఉత్తరం చదివి పక్కన పెట్టాను, మళ్ళీ తీసి చదివాను. ఏం రాస్తే నీ బాధ తగ్గుతుందో తెలిస్తే అదే రాసేవాణ్ణి.

మసిగుడ్డ గురించి ఇంకొక్కసారి రాస్తాను, ఆపైన నీ ఇష్టం. ఆస్పత్రి నుంచి ఒకసారి బుడ్డి ఫోనులో "మసిగుడ్డ సంగతి నీకొకటి చెప్పాలి మావయ్యా" అంది. ఏమిటే అంటే, "ఇప్పుడు కాదు, ఇంటికెళ్ళాక" అని నవ్వింది. అప్పటికే ఆ నవ్వులో గాలి తప్ప గొంతు లేదు. ఏం చెప్పాలనుకుందో నాకు తెలీదు. దాన్ని వదలాలన్న ధ్యాస మాత్రం ఆఖరిదాకా ఉంది. ఆ ఒక్క పనీ మిగిలిపోయిందే తల్లీ. నీకు చేతనైతే చెయ్యి.

వదిలే రోజు పొద్దున గింజలు పెట్టకు, నీళ్ళు మాత్రం పెట్టు. బుట్ట మూత తియ్యకముందు కాసేపు దాన్ని ఆకాశం చూడనివ్వు.

అన్నయ్య

*

మా ఇల్లు,
ఆదివారం పొద్దున

అన్నయ్యా,

వదిలేశాను. ఏడు గంటలకి.

గింజలు పెట్టలేదు. అది గిన్నె వైపు చూసి, నా వైపు చూసింది. ఆస్పత్రిలో పరీక్షలున్న రోజుల్లో బుడ్డికీ పొద్దున్నే ఏమీ పెట్టనిచ్చేవాళ్ళు కాదు. బుట్ట మూత మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మీ బావ హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు, పేజీ తిప్పిన చప్పుడే లేదు. చివరికి తీశాను. రెక్కలు టపటపమన్నాయి, పైకి లేచింది, ఎదురు బిల్డింగు ట్యాంకు దాటి కనిపించకుండా పోయింది. అంతే.

ఇప్పుడు నీకొకటి చెబుతాను, నవ్వకు. ఈ ఇంట్లోంచి బయటికి వెళ్ళింది ఏదో ఒకటి, ఎక్కడో ఒక చోటికి క్షేమంగా చేరిందని నాకు తెలియాలి. అంతకు మించి ఈ ప్రపంచాన్ని నేనేమీ అడగడం లేదు. బుడ్డి ఎక్కడికి వెళ్ళిందో నాకు ఎవరూ చెప్పలేరు. మసిగుడ్డ ఎక్కడికి వెళ్ళిందో నువ్వు చెప్పగలవు. టైము రాయి. భాగహారం నేను చేసుకుంటాను.

ఈ ఉత్తరం ఇప్పుడే డబ్బాలో వేసి వస్తాను.

చెల్లి

*

డాబా మీద

చెల్లెమ్మా,

చేరింది! ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి చేరింది.

పొద్దుటినుంచీ కుర్చీలోంచి లేవలేదు. ముందు ఒక చుక్కలా కనిపించింది, తర్వాత రెక్కలు, ఆ తర్వాత మన మసిగుడ్డే. గూళ్ళ పైరేకు మీద వాలి అటూ ఇటూ చూసింది, దిగింది, నీళ్ళ పళ్ళెం దగ్గరికి తిన్నగా నడిచి వెళ్ళింది. కడుపునిండా నీళ్ళు తాగింది. కాస్త నీరసంగా ఉంది గానీ కళ్ళలో కళ వచ్చింది. వదిన కూడా చూసింది. ఇప్పుడు పాతవాటితో కలిసి హాయిగా ఉంది.

ఇక నువ్వు మనసు కుదుటపరుచుకో. వెళ్ళింది క్షేమంగా చేరింది. నువ్వడిగింది అదొక్కటే కదా.

అన్నయ్య

*

మా ఇల్లు,
బాల్కనీ గడప మీద

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే మసిగుడ్డ నా చెప్పు మీద కూర్చుని ఉంది.

ఆ ఆదివారం ఉత్తరం డబ్బాలో వేసి, మలుపు తిరిగి ఇంటికొచ్చేసరికి రెయిలింగు మీద ఉంది. గిన్నె వైపు చూస్తోంది, గింజలేవీ అన్నట్టు. రోజూ చేసే పనే చేసింది. బుడ్డి రోజూ బడి నుంచి రాగానే దాన్ని వదిలేది, బిల్డింగు చుట్టూ రెండు చుట్లు కొట్టి వచ్చి భుజం మీద వాలేది. ఆ రోజూ అలాగే తిరిగొచ్చింది. అలసిపోయిందేమో, రేపు వెళుతుందిలే అనుకున్నాను. నీకు రాయడానికి మొహం చెల్లలేదు. ఈలోపు నీ ఉత్తరం వచ్చింది.

రెండున్నరకి చేరిందా? నీళ్ళు తాగిందా? కళ్ళలో కళ వచ్చిందా?

ఆస్పత్రిలో నాలుగు నెలలు నాకు అందరూ చెప్పిన మాటలే ఇవి. ఈ రోజు నీళ్ళు తాగింది, మొహంలో కళ వచ్చింది, కాస్త నీరసం అంతే. డ్యూటీ డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, మీ బావ చెప్పారు, చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పి పళ్ళు తినేసి వెళ్ళారు. ఒక్క మనిషి నాకు నిజం చెప్పి ఉంటే, ఆ చివరి వారం నేను ఇంటికీ ఆస్పత్రికీ తిరిగే బదులు బుడ్డి పక్కన పడుకునేదాన్ని. నువ్వు కూడా నన్ను లిఫ్టులో ఇరుక్కున్న మనిషిని చేశావు. ఐదు నిమిషాలమ్మా అన్నావు. పైగా సాక్ష్యానికి వదినొకత్తి!

నాకు ఇంక ఉత్తరాలు రాయకు.

*

లిఫ్టుల వర్క్‌షాపు

చెల్లెమ్మా,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఇది చించెయ్యి, కానీ చదివాక చించు.

నువ్వు వదిలుంటావన్న ఆశతో ఆ ఆదివారం చీకటి పడేదాకా చూశాను. సోమవారం పనికి వెళ్ళలేదు. గురువారం నీ ఉత్తరం వచ్చింది. క్షేమంగా చేరిందని తెలియాలి అని రాసిన మనిషికి "లేదు" అని రాయలేకపోయాను. దారిలో డేగ కొట్టిందనే అనుకున్నాను. నీకు ఇంకో చావు కబురు పంపడం నా వల్ల కాలేదు. తప్పే. వదిన ఏమీ చూడలేదు, ఆ ముక్క రాసినందుకు నన్ను చెడామడా తిట్టింది.

ఇక నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. రోజూ వదిలేదా? రెండు చుట్లు కొట్టి వచ్చేదా?

చెల్లెమ్మా, పావురం పిల్ల మొదటిసారి ఎక్కడినుంచి ఎగిరితే జన్మంతా అదే దాని ఇల్లు. అందుకే పిల్లల్ని కొన్నాళ్ళు నా డాబా మీద ఎగరనిచ్చాకే బయటికి పంపుతాను. ఈసారి సెలవుల్లో పిల్లల్ని ఎగరెయ్యడం బుడ్డి డ్యూటీ. అన్నిటినీ వదిలానంది, నేను నమ్మాను. ఇప్పుడు వదినని నిలదీస్తే చెప్పింది. ఆ ఒక్కదాని గూడు తలుపు మాత్రం తీసేది కాదట. "మావయ్యకి చెప్పకత్తా, ఒట్టు" అందట. మసిగుడ్డ ఒక్కరోజు కూడా నా డాబా మీద ఎగరలేదు. దానికి నా ఇల్లే తెలీదు.

ఎందుకు చేసిందో కూడా నాకు తెలుసు. ఒక సాయంత్రం గూళ్ళు కడుగుతూ, "ఎప్పుడూ నేను వదలడం, నువ్వు ఎదురుచూడటమేనా మావయ్యా? మజా అంతా నీదే. ఒక్కసారి నేను మా బాల్కనీలో నిలబడి ఎదురుచూడాలి" అంది. "మీ బాల్కనీకి ఏ పావురం వస్తుందే? దానికి అక్కడ ఇల్లుండొద్దూ?" అని ఎగతాళి చేశాను. బ్రష్షు తీసుకుని పక్క గూటికి వెళ్ళిపోయింది. నాకు చెప్పాలన్న సంగతి ఇదే అయ్యుంటుంది.

మసిగుడ్డ దారి తప్పలేదే తల్లీ. అది ఎక్కడికి చేరాలో అక్కడే ఉంది. వదలాల్సినవాణ్ణి నేను, ఎదురుచూడాల్సింది మీ బాల్కనీలో.

కానీ బిల్డింగు చుట్టూ రెండు చుట్లు తెలిసిన పక్షి అంత దూరం ఒక్కసారిగా రాలేదు. ముందు వీధి చివర నుంచి వదలాలి, తర్వాత ఊరి పొలిమేర నుంచి, తర్వాత పక్క ఊరి నుంచి, అలా నెలల తరబడి. అంతా చేసినా రాకపోవచ్చు. అబద్ధం చెప్పను. నువ్వు వద్దంటే ఇక్కడితో వదిలేద్దాం.

అన్నయ్య

*

పళ్ళ ల్యాబు,
భోజనాల బల్ల

అన్నయ్యా,

నెలల తరబడి జవాబు రాయలేదు. నీ ఉత్తరం ఫ్రిజ్జు మీద పెట్టి ఊరుకున్నాను. మీ బావ చదివారని నాకు తెలీదు.

ఒక ఆదివారం లేచేసరికి మనిషీ లేరు, బుట్టా లేదు, మసిగుడ్డా లేదు. బాల్కనీలోకి పరిగెత్తాను. కాసేపటికి మసిగుడ్డ వచ్చింది. ఆ తర్వాత ఆయాసపడుతూ ఆయనొచ్చి, చెప్పులైనా విప్పకుండా "వచ్చిందా?" అన్నారు. బుడ్డి పోయాక ఆయన నోటివెంట వచ్చిన మొదటి ప్రశ్న అది. వచ్చిందన్నాను. ఖాళీ బుట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

అప్పట్నుంచీ ఆదివారమైతే చాలు, బస్సెక్కుతున్నారు. మొదట మార్కెట్టు దాకా, తర్వాత బస్సు డిపో, ఇప్పుడు ఊళ్ళు దాటి వెళుతున్నారు. కండక్టరు బుట్టకి కూడా టిక్కెట్టు కొట్టాడని వచ్చి పోట్లాట అంతా వినిపించారు. ఎప్పుడూ ఆయనకంటే మసిగుడ్డే ముందొస్తుంది. ఒక్కసారి మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున వచ్చింది, తోకలో ఈకలు లేకుండా. ఆ వచ్చేలోపు నాకు మళ్ళీ ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టే ఉంది. ఇంక చాలు, ఆపేద్దామన్నాను. ఆయన, "బుడ్డి ఎదురుచూస్తానంది కదే" అన్నారు. అని, టవలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇద్దరం అప్పుడు ఏడ్చాం అన్నయ్యా. ఇన్నాళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చాం.

వచ్చే వారం ఆయన రైల్లో మసిగుడ్డని తీసుకుని నీ దగ్గరికి వస్తున్నారు. విమానంలో పక్షిని ఎక్కనివ్వరట. తిరిగి వచ్చేది విమానంలోనే, ఆదివారానికి ఇంట్లో ఉండాలి కదా. ఆ ఆదివారమే వదులు. వానొస్తే ఇంకో ఆదివారం.

నిన్ను ఆ రోజు అన్న మాటలు వెనక్కి తీసుకోను, అవి నిజాలే. కానీ నువ్వు కాకపోతే ఇంకెవర్ని అంటాను?

రాకపోతే రాలేదనే రాస్తాను. తట్టుకోలేను, అయినా అదే రాస్తాను. నువ్వు మాత్రం నాకు ఇంకెప్పుడూ ఐదు నిమిషాలు చెప్పకు.

చెల్లి

*

డాబా మీద,
ఆదివారం

చెల్లెమ్మా,

ఆరున్నరకి వదిలాను. ఈసారి వదిన నిజంగానే చూసింది, కావాలంటే కింద సంతకం చూసుకో.

మూడు చుట్లు కొట్టింది. నా గూళ్ళ వైపు కన్నెత్తి చూడలేదు. ఉన్నట్టుండి మీ వైపు తిరిగి వెళ్ళిపోయింది. ఆకాశం శుభ్రంగా ఉంది, గాలి కూడా అటే వీస్తోంది. ఇంతకు మించి నాకేమీ తెలీదు.

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసేవాణ్ణే గానీ వదిలేవాణ్ణి ఎప్పుడూ కాలేదు. వదిలాక ఏం చెయ్యాలో తోచలేదు. బుట్ట అడుగున గడ్డి దులిపాను, డాబా ఊడ్చాను, మళ్ళీ ఊడ్చాను. బుడ్డి ప్రతిసారీ ఈ ఖాళీ బుట్టతో అంతసేపు ఏం చేసేదో ఎప్పుడూ అడగలేదు.

అన్నయ్య
(చూశాను. వదిన)

*

మా ఇల్లు

అన్నయ్యా,

రెండు కుర్చీలు వేశాను. మీ బావ షాపు తెరవలేదు. కాసేపు గడప లోపలే నిలబడి, తర్వాత బాల్కనీలోకి వచ్చి కూర్చున్నారు. పొద్దున అంతా కాకులే. మధ్యలో ఒక విమానం పోయింది. "మీ అన్నయ్య ఊరిదేనేమో, గంటంబావు క్రితం బయలుదేరి ఉంటుంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వాను. ఒకరం లేచి తినొస్తే ఒకరం చూశాం.

మధ్యాహ్నం దాటింది. ఎండ ఎదురు గోడ మీదికి ఎక్కేసింది. నీకు ఏం రాయాలో మనసులో అప్పటికే రాసేసుకున్నాను, "రాలేదు" అని. ఆరేసిన బట్టలు తీద్దామని లేచాను.

ముందు చూసింది ఆయన. నాకు చెప్పలేదు. వెనక్కి తిరిగి, తలుపులోంచి లోపలికి మొహం పెట్టి, గొంతు చించుకుని అరిచారు. "బుడ్డీ! వచ్చేసిందే! తొందరగా రా!"

ఎందుకలా అన్నారని నేను అడగలేదు. నేను కూడా గది వైపే తిరిగాను అన్నయ్యా. ఇప్పుడు పరిగెత్తుకుంటూ వస్తుంది, చెప్పుల్లేకుండా, జడ ఊడిపోయి, అనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. ఇద్దరం అలా చూస్తూనే ఉన్నాం.

మసిగుడ్డ చేరింది. ఎన్ని గంటలకని మాత్రం అడక్కు. గడియారం ఎవరమూ చూడలేదు. ఏదో ఒక అంకె వేసి పంపొచ్చు, నువ్వు పంపినట్టు. పంపను. అది వచ్చి వాలేసరికి మేమిద్దరం ఇంట్లోకి చూస్తున్నాం.

చెల్లి